మృదువైన చేదు

దమయంతి ఒంటి మీద గోళ్లు దిగని చోటు లేదు. అరచేతుల్లో మొదలైన దురద మోచేతులకు, వీపుకు, చివరికి నడినెత్తి దాకా పాకింది. పైకి చూస్తే దద్దురు లేదు, పొక్కు లేదు. చర్మం కింద చీమలబారు నడుస్తున్నట్టు ఉంటుందని ఆమె చెప్పేది. బీరపీచుతో రుద్దుకునేది, దువ్వెన పళ్లతో గీరుకునేది, అదీ చాలకపోతే పెరట్లో సిమెంటు గోడకు వీపు ఆనించి రాసుకునేది. భర్త జగన్నాథం అనకాపల్లి బస్సు డిపోలో మెకానిక్. నెత్తుటి మరకలైన ఆమె జాకెట్లను ఇంట్లో వాళ్ల కంట పడకుండా తనే ఉతికి ఆరేసేవాడు.

"ఈ సర్మం ఒలిసి పక్కన పెట్టీగలిగితే ఎంత బాగుణ్ణే సుభా!" అని నవ్వింది ఒక ఆదివారం, చూడవచ్చిన చెల్లెలితో.

సుభాషిణికి నవ్వు రాలేదు. ఆమె విశాఖపట్నంలో ఒక మందుల పరిశోధనశాలలో సూక్ష్మజీవుల మీద పనిచేసేది. అక్కకు వచ్చిన జబ్బు ఏమిటో ఇంట్లో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. కాలేయంలోంచి పైత్యరసాన్ని బయటికి తెచ్చే సన్నని గొట్టాలను దమయంతి ఒంటిలోని రక్షణ శక్తే పరాయివనుకుని నాశనం చేస్తోంది. ఎందుకలా చేస్తుందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు.

దమయంతి దిండు కింది నుంచి మాత్రల అట్ట తీసి చూపించింది. "ఇది పిత్తాశయంలో రాళ్లున్నోళ్లకిచ్చే గోలీ అంటగదే. మందుల కొట్టాయన సెప్పినాడు. నాకు రాళ్లు లేవు గదా, నాకెందుకిచ్చినారు?"

"రాళ్లను కరిగించేదీ అదే, నీ కాలేయాన్ని కాపాడాల్సిందీ అదే అప్పా. పైత్యం సబ్బులాంటిది. తిన్న నూనెను, నెయ్యిని విరగ్గొట్టి ఒంటికి పట్టేలా చేస్తుంది. దారి మూసుకుపోయి కాలేయంలోనే నిలవుండిపోయిందనుకో, కాలేయాన్నే తినేస్తుంది. ఈ గోలీలో ఉన్నది మెత్తటి సబ్బు. ఇది పెరిగేకొద్దీ పైత్యంలో ఆ ఘాటు సబ్బు వాటా తగ్గుతుంది."

"మరైతే ఇంకో రెండు మింగీనా?"

"ఎన్ని మింగినా నీ ఒంట్లో తయారయ్యే ఘాటు ముందు చాలవు."

ఆ మాట అనేసి బస్సెక్కిన సుభాషిణికి దారి పొడుగునా అదే మెదిలింది. బయటి నుంచి పోస్తే చాలనిది లోపలే తయారైతే?

మనిషి పేగుల్లో కోట్లాది సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. వాటిలో కొన్ని ఘాటైన పైత్య ఆమ్లాన్ని మెత్తటిదిగా మార్చగలవు, కానీ బద్ధకంగా, ఎప్పుడో కాస్త. సుభాషిణి అలాంటి ఒకదాన్ని ఎన్నుకుని, దాని జన్యువులను తిరగరాసి, ఆ పనిని దాని బతుకుతెరువుగా మార్చింది. అది బతకాలంటే ఘాటు ఆమ్లాన్ని మార్చి తీరాలి. ఏళ్లు పట్టింది. పరిశోధనశాలలో దానికి మృదుల అని ముద్దుపేరు పెట్టుకున్నారు. దానికొక తాళం కూడా వేశారు. ప్రకృతిలో ఎక్కడా దొరకని ఒక చక్కెర లేకపోతే మృదుల చచ్చిపోతుంది. రోగి రోజూ పొద్దున ఆ చక్కెర ఒక చెంచా తినాలి. ఏదైనా తేడా వస్తే చక్కెర మానేస్తే చాలు.

ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షలు ముగిసి అనుమతులు వచ్చాక మొదటి విడతలో కొద్దిమంది రోగులను తీసుకున్నారు. వాళ్లలో దమయంతి ఒకతె. ఆమెను ఎంచుకున్నది సుభాషిణి కాదు. ఆ పని డైరెక్టర్ కమలాకర్ తన చేతుల్లో పెట్టుకున్నాడు. కానీ మృదుల నింపిన గొట్టం గోలీని నీళ్ల గ్లాసుతో సహా అక్క చేతికి అందించింది మాత్రం ఆమే.

నెల తిరక్కుండానే దమయంతి కళ్లకు పట్టిన పచ్చదనం తగ్గింది. ఒకరోజు జగన్నాథం ఫోన్ చేసి, "మరదలు పిల్లా, మీ అప్ప మద్దేన్నం తొంగుంది. ఇంకా లెగలేదు. గోక్కోకుండా తొంగుంది," అన్నాడు. అంతవరకూ అతను ఏడవగా సుభాషిణి ఎప్పుడూ వినలేదు.

తర్వాతి ఏడాది ఆ ఇంట్లో పండగలా గడిచింది. దమయంతి మళ్లీ పట్టుచీర కట్టింది, పెళ్లిళ్లకు వెళ్లింది. జగన్నాథం తమ్ముడికి పెళ్లయి సత్యవేణి తోడికోడలిగా వస్తే, ఆ పిల్లకు కావలసినవన్నీ తనే దగ్గరుండి చూసుకుంది. జబ్బు వల్ల రెండుసార్లు కడుపు పోయి, ఇక పిల్లలు పుట్టరని వదులుకున్న మనిషి నలభైకి దగ్గరపడుతుండగా మళ్లీ నీళ్లోసుకుంది.

పరీక్షలో ఉన్న స్త్రీలు గర్భం దాల్చకూడదన్నది నియమం. కమలాకర్ మందు ఆపించేద్దామన్నాడు. "ఆపితే కాలేయం మళ్లీ మొదటికొస్తుంది. తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు," అంది సుభాషిణి. మృదుల పేగు దాటదనీ, గర్భంలోకి పోదనీ రుజువులు చూపించింది. ఆ రుజువులు నిజమే. కాన్పు అయ్యాక సంగతి మాత్రం అక్కడున్న ఎవరికీ తోచలేదు.

ఆడపిల్ల పుట్టింది. మహిత అని పేరు పెట్టారు. తెల్లగా, నిండుగా, తలనిండా జుట్టుతో ఉన్న బిడ్డ.

నెల నిండేసరికి చిక్కడం మొదలైంది. పాలు తాగనిది కాదు. ఆబగా తాగేది, తాగి గంట గడవకముందే మళ్లీ ఏడ్చేది. గుడ్డలు మారుస్తుంటే విరేచనాలు తెల్లగా, జిడ్డుగా, నీళ్లలో తేలేటట్టు ఉండేవి. దిష్టి అన్నారు, తీశారు. తల్లిపాలు పలచనన్నారు, డబ్బాపాలు కలిపారు. పిల్లల డాక్టరు పాలు అరగడం లేదేమోనని రకం మార్చాడు. ఏం మార్చినా బిడ్డ తొడల మీద చర్మం ముడతలు పడుతూనే ఉంది.

"ఎంత పోసినా ఈ గుంట ఒంటికి పట్టడం లేదే," అంది దమయంతి ఫోన్లో. "సిల్లుకుండలో పోసినట్టుంది."

"పెద్దాసుపత్రిలో చూపిద్దాం, బుధవారం తీసుకురా," అంది సుభాషిణి. అక్క అన్న ఆ రెండు మాటల్లో ఉన్నది తన మృదులేనని ఆమెకు అప్పుడు తట్టలేదు.

బుధవారం రాలేదు. సోమవారం పొద్దున మహిత లేచి సరిగా ఏడవలేదు. ఒక కనురెప్ప వాలిపోయి ఉంది. మాడు ఉబ్బెత్తుగా ఉంది. అనకాపల్లి ఆసుపత్రిలో సూది గుచ్చిన చోట నెత్తురు ఆగలేదు. దూది మీద దూది తడిసిపోయింది. విశాఖపట్నం తీసుకొస్తుండగా అంబులెన్సులోనే, తల్లి ఒడిలోనే ప్రాణం పోయింది. మెదడులో రక్తస్రావమని తేల్చారు. పాలలోని వెన్న ఒంటికి పట్టకపోతే దానితోపాటు పట్టవలసిన విటమిన్లూ పట్టవు. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన విటమిన్ వాటిలో ఒకటి. పుట్టగానే ఇచ్చిన ఇంజెక్షన్ కొన్నాళ్లే కాచింది.

పిల్లల డాక్టరు చెప్పిన ఆ మాట దగ్గరే సుభాషిణి ఆగిపోయింది. వెన్న ఎందుకు పట్టలేదు?

అంబులెన్సులో మిగిలిపోయిన గుడ్డను ఆమె సంచిలో వేసుకుని పరిశోధనశాలకు తీసుకెళ్లింది. సాయంత్రానికి తెర మీద ఫలితం వచ్చింది. బిడ్డ పేగుల్లో మృదుల ఉంది. ఉండటం కాదు, నిండిపోయి ఉంది.

కమలాకర్ ఆమె వెనకే నిలబడి చూశాడు. "చక్కెర తల్లి కదా తినేది! బిడ్డ పేగులో చక్కెర ఎక్కడిది? ఎలా బతికింది?"

"చక్కెర అక్కర్లేకుండా బతకడం నేర్చుకుంది సార్," అంది సుభాషిణి. "పక్కనున్న మామూలు బాక్టీరియా నుంచి జన్యువు ముక్క అరువు తెచ్చుకుంది. తాళం ఊడిపోయింది."

మెత్తటి సబ్బుతో ఉన్న చిక్కే అది. కాలేయాన్ని కొయ్యదు, కానీ జిడ్డునూ సరిగా విరగ్గొట్టలేదు. పెద్దవాళ్ల ఒంట్లో పైత్యం పుష్కలం. కొంత మారినా తిండి అరుగుతుంది. పసిబిడ్డకు ఉండేదే కొంచెం. ఆ కొంచెమూ మారిపోతే కడుపునిండా పాలు తాగుతూ ఆకలితో చిక్కిపోవడమే.

పెద్దకర్మ అయ్యాక సుభాషిణి అక్కకు నిజం చెప్పింది. ఇంకెవరి నోటి నుంచో వినడం కంటే తను చెప్పడమే న్యాయమనుకుంది. దమయంతి పెరటి అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా వింది.

"ఆ పంచదార నాను ఏడో నెల్లోనే మానీసినాను," అంది. "తింటే వాంతయ్యేది. మానీసినా దురద రాలేదు. మందు బాగా పట్టీసిందనుకున్నాను. నీకు సెప్తే తిడతావని సెప్పలేదు."

"చెప్పినా నాకు తట్టేది కాదేమో అప్పా."

"అయితే నా గుంటని..." దమయంతి తన చేతుల వంక చూసుకుంది. "నాను ముద్దెట్టుకుంటే పోనాదా? నీళ్లోసే చేత్తోనే అంటించీసినానా?"

సుభాషిణి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. దమయంతి ఆమెను తన్నలేదు, తిట్టలేదు. తల మీద చెయ్యీ వెయ్యలేదు. ఇంట్లోంచి సత్యవేణి దగ్గు వినిపించింది. ఆ పిల్లకు అప్పటికి అయిదో నెల.

దమయంతి తలెత్తింది. "దానికీ అంటుకునుంటాదా?"

"ఇంట్లో అందరికీ ఉంది. పరీక్ష చేశాను. ఆ మృదులను చంపే మందొకటుంది. పేగుల్లోనే పనిచేస్తుంది, కడుపుతో ఉన్నవాళ్లూ వాడొచ్చు. అందరూ వేసుకుంటే పూర్తిగా పోతుంది."

"నాకు?"

"నీ సంగతి వేరు. నీకది పోతే జబ్బు తిరగబెడుతుంది. ఈసారి తొందరగా ముదురుతుంది. కాలేయం మార్చాలంటే నాది నీకు సరిపోదు, బావదీ సరిపోదు. వేరేవాళ్లది దొరికే దాకా ఎంతకాలం పడుతుందో చెప్పలేం. నువ్వు నా దగ్గరికి వచ్చెయ్యప్పా. మనిద్దరమే ఉందాం. మందు వేసుకోకు."

"నీ కాడికొస్తే అక్కడ గుంటలుండరేటి? బస్సెక్కితే పక్క సీట్లో పసిపిల్ల తల్లి కూకోదేటి? మరుగుదొడ్డి కాలవ ఎక్కడికి పోతాదే సుభా?" దమయంతి చెయ్యి చాచింది. "ఇలాగియ్యి ఆ మందు. ముందు నాకియ్యి."

జగన్నాథం గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. "ఒలే, నా మాటినీ..." అని ఒక అడుగు వేశాడు. అంతలోనే ఆగి, గోడకు వేలాడుతున్న డ్యూటీ చొక్కా తీసి తొడుక్కుని, డ్యూటీ లేకపోయినా డిపోకు వెళ్లిపోయాడు.

పరిశోధనశాల సంగతిని దాచలేదు. ప్రయోగం ఆపేశారు. పైవాళ్లకు చెప్పారు. రోగులందరినీ పిలిచి విరుగుడు మందు వేసుకోమన్నారు. చాలామంది వేసుకున్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు. వాళ్లలో ఒకాయన అనకాపల్లిలోనే ఉండే రిటైరయిన లెక్కల మాస్టారు. సుభాషిణి స్వయంగా వెళ్లి బతిమాలితే, ఆయన చేతులు జోడించాడు. "అమ్మా, మూడేళ్ల తర్వాత నేను కంటినిండా నిద్రపోతున్నాను. మా ఇంట్లో పసిపిల్లలు లేరు. నన్నిలా వదిలెయ్యి తల్లీ." ఆయన ఇంటి వెనక మురుగుకాలవ పారుతోంది. సుభాషిణి దాని వంక చూస్తూ ఆ ఇంటి మెట్లు దిగింది.

దమయంతి ఇంట్లో అందరి పరీక్షలూ శుభ్రంగా వచ్చాయి. మృదుల పోయింది.

దురద తిరిగి వచ్చింది. మునుపటిలా అరచేతుల్లో మొదలవలేదు. ఒక్కసారిగా ఒళ్లంతా కమ్మేసింది. వానాకాలం వచ్చేసరికి కళ్లు పచ్చబడ్డాయి, పొట్టలో నీరు చేరింది. పాత మాత్రలే మళ్లీ రెట్టింపు చేసి ఇచ్చారు. సత్యవేణికి కొడుకు పుట్టాడు. దమయంతి వాణ్ణి గుమ్మం అవతలి నుంచే చూసేది. పరీక్ష బాగుందని ఎంత చెప్పినా ముట్టుకునేది కాదు. వాడు బొద్దుగా ఎదిగాడు. వాడు నవ్వినప్పుడల్లా ఆమె గోక్కోవడం ఒక్క క్షణం ఆపేది.

అయినా ఒంటి బాధ మనిషిని ఎంతకాలం మనిషిగా ఉండనిస్తుంది? ఒక మధ్యాహ్నం సుభాషిణి వెళ్లేసరికి దమయంతి నేల మీద పడి ఉంది. గోళ్లు తగలకుండా జగన్నాథం ఆమె చేతులకు గుడ్డలు చుట్టి కట్టాడు. ఆమె చెల్లెలి కొంగు పళ్లతో పట్టుకుంది.

"ఇచ్చియ్యే. ఆ పురుగుని మళ్లీ ఇచ్చియ్యి. నీ కాడ సీసాలో ఉంటాది గదా. ఎవులికీ సెప్పను. అడవిలోకెల్లి ఉంటాను. ఇచ్చియ్యే తల్లీ."

"లేదప్పా. అన్నీ కాల్చేశాం. నిజంగా లేదు."

"అబద్దం! నువ్వు పుట్టించినావు. మళ్లీ పుట్టించలేవేటి?"

పుట్టించగలదు. సుభాషిణి ఆ మాట అనలేదు. వెక్కి వెక్కి ఏడుస్తున్న అక్క ముఖాన్ని తడిగుడ్డతో తుడుస్తూ కూర్చుంది. కాస్త తేరుకున్నాక దమయంతి సిగ్గుపడింది. "నానేటో వాగీసినాను. సత్యవేణికి సెప్పకు," అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

మాఘమాసంలో ఒక ఉదయం ఫోన్ వచ్చింది. దమయంతి గొంతే. కానీ చాలా కాలంగా వినని గొంతు.

"సుభా, దురద లేదే!"

"ఏంటప్పా?"

"మూడ్నాల్రోజులై తగ్గుతా వచ్చింది. ఇయ్యాళ అసలు లేదు. మీ బావ చేతికట్లు ఇప్పీసినాడు. పాతగోలీ ఇప్పటికి పనిచేసింది గావాల. అన్నం తిన్నానే, కడుపునిండా తిన్నాను."

సుభాషిణి ఫోన్ పెట్టేసింది. పరీక్ష సామగ్రి సంచిలో పడేసుకుని బస్సెక్కింది. జబ్బు ఆ దశకు వచ్చాక పాత మాత్ర పనిచెయ్యదు. దురద తగ్గడానికి ఆమెకు తెలిసిన కారణం ఒక్కటే. బస్సులో ముందు సీటులో ఒక తల్లి పసిపాపను భుజాన వేసుకుని జోకొడుతోంది. ఆ పాప బుగ్గలు నిండుగా ఉన్నాయా, చిక్కాయా అని చూడబోయి సుభాషిణి కిటికీ వైపు తల తిప్పేసుకుంది.

దమయంతి పెరటి అరుగు మీద తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. చెల్లెల్ని చూసి లేవబోయింది. సుభాషిణి పలకరించకుండా పరీక్షకు మలం నమూనా అడిగింది. వంటింట్లోని కుళాయి నీళ్లు పట్టింది. సత్యవేణిని ఏదో మిషతో పిల్లాడి గుడ్డ అడిగి తీసుకుంది. పెరట్లోనే కూర్చుని చిన్న పరికరంలో ఒక్కొక్కటే వేసింది. మూడింటికీ గీత పడింది.

దమయంతి ఆ గీతలను చూడలేదు. చెల్లెలి ముఖాన్నే చూస్తూ ఉంది. ఆమె ముఖంలో ఉన్న వెలుగు కొద్దికొద్దిగా తగ్గిపోయింది.

"వచ్చీసిందా?"

"వచ్చింది."

"నానేటీ సెయ్యలేదే. నాను ఆణ్ణి ముట్టుకోను కూడా లేదు."

"నీ వల్ల కాదప్పా. నీళ్లలో ఉంది. ఊరి నుంచే నీకొచ్చింది."

"ఊరంటే... అందరికీనా?"

సుభాషిణి తలూపింది. పక్క వీధిలో కుళాయి దగ్గర బిందెల చప్పుడు, ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"ఆడికేటవతాది?" దమయంతి ఇంటి వైపు చూసింది.

"విటమిన్ ఇంజెక్షన్లు ఇప్పిద్దాం. పైత్యం లేకపోయినా అరిగే ప్రత్యేకమైన పాలున్నాయి. పెద్దాసుపత్రిలో దొరుకుతాయి. ఈ రోజే తీసుకెళ్దాం. విరుగుడు మందు ఇస్తే పోతుంది, కానీ నీళ్లలోంచి మళ్లీ వస్తుంది. మళ్లీ ఇవ్వాలి. ఏదోలా కాపాడుకుందాం."

"ఆ పాలు అందరు గుంటలకీ ఉన్నాయా?"

సుభాషిణి పరికరాన్ని సంచిలో సర్దింది. ఆసుపత్రి బీరువాలో ఒక అరలో సగం కూడా నిండని ఆ డబ్బాలు ఆమెకు తెలుసు.

దమయంతి తడిజుట్టును ముడివేసుకుంది. ఆఖరికి చాలా మెల్లగా అడిగింది.

"అయితే నాను బతికీస్తానా?"

"బతుకుతావప్పా," అంది సుభాషిణి. "చాలా ఏళ్లు బతుకుతావు."

దమయంతి రెండు చేతులతో నోరు మూసుకుంది. భుజాలు కదిలాయి గాని శబ్దం రాలేదు. సుభాషిణి దగ్గరికి జరగబోతే చెయ్యి అడ్డుపెట్టి ఆపింది. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"నువ్విక్కడే ఉండు. దానికి నాను సెప్తాను."

గదిలో సత్యవేణి పిల్లాణ్ణి పక్కలో వేసుకుని ఉయ్యాల తాడు ముడి బిగిస్తోంది. అడుగుల చప్పుడుకు తలెత్తి చూసింది. ఇన్నాళ్లకు గుమ్మం దాటి లోపలికి వచ్చిన తోడికోడల్ని చూసి ఆ పిల్ల ముఖం విప్పారింది.

"రా అక్కా, కూకో. నీ ఒంట్లో నెమ్మదించిందని పొద్దుట బావగారు సెప్తంటే ఎంత సంతోసమేసిందో! ఇయ్యాళ నీ మొకం సూడు, ఎంత తేటగా ఉందో. ఇంకేటి బయం? ఇదిగో, నీ కొడుకుని ఎత్తుకో."

దమయంతి మంచం అంచున కూర్చుంది. చాచిన చేతుల్లోంచి బిడ్డను అందుకోలేదు. సత్యవేణి చెయ్యి పట్టుకుని, ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కుంటూ ఉండిపోయింది.